ఊరికి ఒక ప్రకటన, బిడ్డకు ఒక సంవత్సరం

ఈ దేశంలో పుట్టిన బిడ్డకు పేరు పెట్టడానికి చట్టం తల్లిదండ్రులకు ఇచ్చిన వ్యవధి చిన్నదేమీ కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద 21 రోజుల్లోగా జననాన్ని తెలియజేయాలి గాని పేరు అప్పుడే చెప్పనక్కరలేదు. ఆ గడిని ఖాళీగా వదిలి, పన్నెండు నెలల్లోగా రుసుము లేకుండా, ఆ తరువాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో నింపుకోవచ్చు. పేరు తొందరపడి పెట్టేది కాదనీ, ఇంట్లో నలుగురూ మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయమనీ శాసనకర్తలకు తెలుసు. అండమాన్ రాజధానికి మాత్రం అటువంటి వ్యవధి దక్కలేదు. 2024 సెప్టెంబరు 13న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఎక్స్ వేదికపై చేసిన ప్రకటనతో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది.

ఆ నగరంలోనే ఉంది మిన్నీ బే. నౌకాదళ సిబ్బంది, ప్రభుత్వోద్యోగులు, ప్రధాన భూభాగం నుంచి వచ్చి రెండు మూడు తరాలుగా స్థిరపడినవారు కలిసి బతికే తీరప్రాంతమది. అమిత్ షా ప్రకటనలో దాని ప్రస్తావన లేదు. నగరం పేరు మారింది, పేట పేరు మిగిలింది. ఈ మార్పు అక్కడి ఇళ్లలోకి ఏ దారిన ప్రవేశిస్తుందో చూడాలంటే జనన ధ్రువపత్రాన్ని చూడాలి. 2024 ఆరంభంలో ఒక బిడ్డ, ఆ మరుసటి ఏడాది మరొక బిడ్డ కలిగిన ఇంటిని ఊహించుకోవచ్చు. ఒకే ఆసుపత్రి, ఒకే తల్లి. అక్క జన్మస్థలం పోర్ట్ బ్లెయిర్, తమ్ముడి జన్మస్థలం శ్రీ విజయ పురం. ఇది అలంకారప్రాయమైన తేడా కాదు. 2023 నాటి సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమలులోకి వచ్చాక, ఆ తేదీ తరువాత పుట్టినవారికి బడిలో చేరిక మొదలు ఓటరు జాబితా, పాస్‌పోర్టు, ప్రభుత్వోద్యోగం వరకు పుట్టిన తేదీకీ స్థలానికీ ఆ ధ్రువపత్రమే ఆధారం.

పేర్లు మారకూడదన్న వాదన అండమాన్‌లో నిలవదు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి. 1789లో అతడు చాతం దీవిపై నెలకొల్పిన స్థావరానికి మొదట పెట్టిన పేరు పోర్ట్ కార్న్‌వాలిస్. బ్లెయిర్ పేరు ఆ రేవుకు తరువాత వచ్చి చేరినదే. హేవ్‌లాక్, నీల్ దీవులు 1857 తిరుగుబాటును అణచివేసిన సేనానుల పేర్లు మోసినవి. ఆ జేమ్స్ నీల్ విగ్రహాన్ని తీసివేయాలని 1927లోనే మద్రాసులో సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దానిని మ్యూజియానికి తరలించారు. అటువంటి పేరు 2018 దాకా ఒక దీవి నెత్తిన ఉండడమే వింత. కాబట్టి అభ్యంతరం ఫలానా పేరు పోయినందుకు కాదు. కొత్త పేరు ఎవరి నోటి నుంచి వచ్చింది, ఎవరిని అడిగి పెట్టారు అన్నవే ప్రశ్నలు.

2018 డిసెంబరు 30న ప్రధాని మోదీ పోర్ట్ బ్లెయిర్‌లో మూడు దీవుల పేర్లు మార్చారు. రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమైంది, నీల్ షహీద్ ద్వీపమైంది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమైంది. 1943 డిసెంబరులో నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగురవేసినప్పటి స్మృతికి ఇది నివాళి అన్నారు. అయితే నేతాజీ షహీద్ అన్నది అండమాన్ దీవుల మొత్తాన్ని, స్వరాజ్ అన్నది నికోబార్ దీవుల మొత్తాన్ని. ఆ రెండు మాటలను పర్యాటకులు ఎక్కువగా వెళ్లే రెండు చిన్న దీవులకు సర్దేశారు. 2023 జనవరి 23న పేరులేని 21 పెద్ద దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. గౌరవానికి అర్హులైనవారే, సందేహం లేదు. కాని ఈ జాబితాలన్నీ ఢిల్లీలో తయారై ఓడ ఎక్కి వచ్చినవి. అదే నీల్ దీవిలో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అనే ఊళ్లున్నాయి. హేవ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, శ్యామ్‌నగర్ ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చి అడవి నరికి నేల దున్నినవారి కాలపు పేర్లవి. దీవికి సేనాని పేరున్నా ఊరికి తమ దేవుడి పేరుంటే చాలునని సరిపెట్టుకున్నట్టుంది. వాటిని మార్చాలని ఎవరికీ అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

స్వరాజ్ అన్నమాట దీవికి పేరు కాకముందే తెలుగు ఇళ్లలో పిల్లలకు పేరైంది. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం పేరు గాంధీ స్వరాజ్య పిలుపు ప్రభావంతో బంధువులు పెట్టినది. గాంధీ, నెహ్రూ, బోసు, ఝాన్సీ అనే పేర్లు ఆంధ్ర గ్రామాల బడి రిజిస్టర్లలో బారులు తీరిన కాలం ఒకటుంది. ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ పూర్తి పేరు కనుకుంట్ల సుభాష్ చంద్రబోస్. తమిళనాడులో 1953 మార్చిలో సోవియట్ నేత స్టాలిన్ మరణించిన రోజుల్లో పుట్టిన కుమారుడికి కరుణానిధి ఆ పేరే పెట్టారు. ఇవేవీ ప్రభుత్వ ఉత్తర్వులు కావు. ఒక ఆశయం ఇంటి గడప దాటి ఉయ్యాల దాకా వచ్చిందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం ఎన్నికల లెక్కల్లో కూడా దొరకదు. ఈనాటి తెలుగు తల్లిదండ్రులు ఏ నాయకుడి పేరునూ బిడ్డకు పెట్టడం లేదన్న సంగతిని రాజకీయ పక్షాలు గమనించాయో లేదో!

మరి ఏ పేర్లు పెడుతున్నారు? మిన్నీ బేలో నైనా, విశాఖలో నైనా, డాలస్‌లో నైనా తెలుగు ఇంటి సమాధానం ఇంచుమించు ఒకటే. ఎవరికీ లేని పేరు కావాలి. రెండు మూడు అక్షరాల్లో ఉండాలి. జన్మనక్షత్రం చెప్పిన అక్షరంతో మొదలవాలి. విదేశంలోనూ నోరు తిరగాలి. వినడానికి సంస్కృతంలా ఉండాలి. నిఘంటువులో దొరకకపోయినా ఫరవాలేదు. అందరూ ఈ జల్లెడతోనే జల్లిస్తే అడుగున మిగిలేవి అవే అయాన్ష్, వివాన్, ఋత్విక్, ధన్విక్, శాన్వి, ఆద్య. ఎవరికీ లేదనుకున్న పేరు మొదటిరోజు బడిలో హాజరు పిలుపులో మరో ఇద్దరు పలికినప్పుడు ఎక్కడిదో బయటపడుతుంది. ప్రత్యేకత కోసం సాగే ఈ వెతుకులాట ఇంతటి ఏకరూపతను తెచ్చిపెట్టడం ఈ కాలపు విడ్డూరాల్లో ఒకటి.

అండమాన్ తెలుగువారి విషయంలో ఇది మరింత దగ్గరగా చూడవలసిన సంగతి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. వీరిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి విశాఖ ఓడ ఎక్కి వచ్చినవారు, వారి సంతతి. చేపలవేటకు వచ్చినవారున్నారు, కూలికి వచ్చినవారున్నారు, కొలువుకు వచ్చినవారున్నారు. మొదటి తరం తమతో తెచ్చుకున్న పేర్లు వింటే చాలు, ఏ నేల విడిచి వచ్చారో తెలుస్తుంది. అప్పలస్వామి, అప్పలనర్సమ్మ అంటే సింహాచలం అప్పన్న. పైడితల్లి, పైడిరాజు అంటే విజయనగరం. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి. అసిరినాయుడు, ఎర్రయ్య, పోలమ్మ అంటే ఊరి పొలిమేర గుడి. చిరునామా అవసరం లేని పేర్లవి.

ఉత్తరాంధ్ర రాజకీయాలు చూసేవారికి ఈ మార్పు కొత్త కాదు. శ్రీకాకుళాన్ని లోక్‌సభలో పలుమార్లు ప్రతినిధించిన కింజరాపు ఎర్రన్నాయుడు, ఆయన సోదరుడు అచ్చెన్నాయుడు ఒక తరం. ఎర్రన్నాయుడి కుమారుడు, 2024 నుంచి కేంద్ర పౌరవిమానయాన మంత్రి అయిన రామ్మోహన్ నాయుడు తరువాతి తరం. ఒకే ఇంట్లో ఒక తరం తేడాతో ఊరి పేరు దేశం పేరుగా మారింది. అయినా 2024లో విజయనగరం నుంచి లోక్‌సభకు గెలిచిన కలిశెట్టి అప్పలనాయుడు పేరు మాత్రం అప్పన్న కొండను ఢిల్లీ దాకా మోసుకుపోయింది.

పాత పేర్లు విడిచిపెట్టినందుకు ఆ తల్లిదండ్రులను నిందించడం తేలిక. అది అన్యాయం కూడా. ఆ పేర్లతో పాటు కులం వచ్చేది, వృత్తి వచ్చేది, పట్నం బడిలో వెక్కిరింత వచ్చేది. అప్పలస్వామి అని పిలవగానే నవ్విన సినిమా హాళ్లు తెలుగునాట తక్కువేమీ కాదు. ఎవరో ముసలి పనివాడి పాత్రకు తప్ప ఆ పేర్లను కథానాయకులకు పెట్టని పరిశ్రమ, ఇప్పుడు నేటివిటీ పోతోందని వాపోవడం చిత్రం. నాలుగు వందల ఏళ్ల పేరునైనా సరే, అది తన బిడ్డను తరగతి గదిలో తల దించుకునేలా చేస్తుందనుకుంటే తండ్రి దానిని సముద్రంలో విసిరేస్తాడు. ఆ తండ్రి దృష్టిలో అయాన్ష్ అనే పేరు పుకార్ల నుంచీ పోలికల నుంచీ విముక్తి. దాని వెనుక ఊరు లేదు, కులం లేదు, తాత లేడు. అదే దాని బలం. లోటు కూడా అదే.

ఇంకొక కారణం కాగితాల్లో ఉంది. దీవుల పరిపాలన భాషలు హిందీ, ఇంగ్లిష్. తెలుగు పేరు ఆ రెండు లిపుల్లోంచి దూరి బయటికి రావాలి. వాడుక హిందీ లిపిలో హ్రస్వ ఎకార ఒకారాలకు విడిగా గుర్తులు లేవు. వెన్నెల అక్కడ వేన్నేలా అవుతుంది, కొండమ్మ కోండమ్మా అవుతుంది. ళకారం లకారంలో కలిసిపోయి మంగళ మంగలా అవుతుంది. ఇంటిపేరు ముందు రావడం తెలుగు పద్ధతి. దరఖాస్తు దానిని తీసుకెళ్లి చివరి గడిలో పడేస్తుంది. గుమాస్తా అడుగుతాడు, తండ్రి చెబుతాడు, గుమాస్తా తనకు వినబడింది రాస్తాడు. ఇంత తతంగం తప్పించుకోవాలంటే మూడు భాషల్లోనూ గాయపడని పేరు కావాలి. ధ్రువుడు ధ్రువ్ కావడం, ఆర్యుడు ఆర్యన్ కావడం ఈ లెక్కలోనివే. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు మోగవలసిందే అని బడిలో గొప్పగా చెప్పుకుంటాం; బిడ్డ పేరు దగ్గరకు వచ్చేసరికి హల్లు మీద ఠక్కున ఆగిపోతాం. ఇంగ్లిష్‌లో సంఖ్యాశాస్త్రం కోసం చేర్చే అదనపు అక్షరాల గొడవ వేరే ఉంది. ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండే అవకాశాలు. ఆ అదృష్ట అక్షరం బడి రికార్డులో ఒకచోట ఉండి మరొకచోట లేకపోతే తెచ్చేది అదృష్టం కాదు, కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు.

అసలు పేరుకు ప్రత్యేకత ఉండాలన్న కోరికే కొత్తది. పూర్వం పేరు పని వేరు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అన్నారు. గుప్పెడు తవుడుకు అమ్మినట్టు చేసి తిరిగి కొనుక్కుని తవిటయ్య, తవిటమ్మ అన్నారు. ఇది దేనికీ కొరగానిది, దీని జోలికి రాకు అని మృత్యువుతో ఆడిన అబద్ధమది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తవిటినాయుళ్లు ఇప్పటికీ ఉన్నారు. దేశంలో 1971లో వెయ్యి జననాలకు 129 మంది శిశువులు ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7. ఆరుగురిలో ఇద్దరు బతికితే చాలనుకున్న ఇంటికి, ఒక్క బిడ్డ చుట్టూ తిరిగే ఇంటికి పేరు విషయంలో ఒకే మనసు ఉండదు. పెంటయ్య అంతరించడం తెలుగువారు గర్వించదగ్గ విషయాల్లో ఒకటి.

ఇదే భయానికి ఈ దీవుల ఆదిమవాసులు మరోరకంగా బదులు చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇ.హెచ్. మాన్, 1906-08 మధ్య ఇక్కడ పరిశోధించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ గ్రేట్ అండమానీయుల నామకరణ పద్ధతిని నమోదు చేశారు. బిడ్డ పుట్టకముందే పేరు పెట్టేవారు. కాబట్టి అది ఆడకూ మగకూ సరిపోయేదై ఉండేది. బిడ్డ పోతే తరువాత పుట్టినవాడికి ఆ పేరే ఇచ్చేవారు, పోయినవాడే మళ్లీ వచ్చాడని. ఆడపిల్ల రజస్వల అయినప్పుడు అడవిలో ఏ చెట్టు పూతలో ఉంటే ఆ పువ్వు పేరు ఆమెకు చేరేది. ఆ పేరు వింటే ఆమె ఏ రుతువులో యౌవనంలోకి వచ్చిందో ఊరికి తెలిసేది. ఉన్నవి కొద్ది పేర్లే. ఒకే పేరు పలువురికి ఉండేది. అయినా ఎవరూ ఎవరితోనూ కలిసిపోయేవారు కారు. ఆ పద్ధతి ఇప్పుడు దాదాపు పుస్తకాల్లోనే మిగిలింది. అకా-బో భాష మాట్లాడిన చివరి వ్యక్తి 2010 జనవరి 26న మరణించినప్పుడు ప్రపంచ పత్రికలు ఆమెను బోవా సీనియర్ అని రాశాయి. 2025 జనవరిలో 19 మంది జారవాలకు ఓటరు కార్డులు అందాయి. పౌరసత్వపు గుర్తింపుగా అది స్వాగతించదగినదే. ఆ కార్డులోనూ పేరుకు ఒక గడి ఉంటుంది. ఋతువుతో మారే పేరుకు అందులో చోటు లేదు.

పేరును కట్టడి చేసిన ప్రభుత్వాలు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో 1803 నాటి చట్టం పంచాంగంలోని సాధువుల పేర్లు, ప్రాచీన చరిత్ర పురుషుల పేర్లు తప్ప అనుమతించలేదు. పూర్తి స్వేచ్ఛ 1993లో గాని రాలేదు. జపాన్ 2025 మేలో, లిపికీ ఉచ్చారణకూ పొంతన లేని ‘మెరుపు పేర్ల’కు అడ్డుకట్ట వేస్తూ నిబంధన తెచ్చింది. భారతదేశంలో అటువంటి పట్టిక లేదు. అందుకే 2020 ఏప్రిల్‌లో కడప జిల్లాలో పుట్టిన ఇద్దరు శిశువులకు కరోనా కుమార్, కరోనా కుమారి అని పేర్లు పెట్టారన్న వార్త వచ్చినా ఏ అధికారీ అడ్డు చెప్పలేదు. ఏం తినాలో, ఎవరిని పెళ్లాడాలో ప్రభుత్వాలూ వీధి సేనలూ తేల్చిచెబుతున్న దేశంలో, బిడ్డ పేరు మాత్రం ఇంకా తల్లిదండ్రుల సొంత నిర్ణయం. పౌరుడి చేతిలో చెక్కుచెదరకుండా మిగిలిన అధికారాల్లో ఇదొకటి. దానిని నక్షత్రపు అక్షరాలకూ ఫోనులోని జాబితాలకూ అప్పగించేస్తున్నారన్నదే విచారం.

వింతైన పేరుకు తెలుగువారు భయపడిన జాతి కాదు. ఇదే నగరంలోని సెల్యులార్ జైల్లో కాకినాడ కుట్ర కేసు ఖైదీగా శిక్ష అనుభవించిన విప్లవకారుడి పేరు ప్రతివాది భయంకరాచారి. వాదంలో ఎదుటివారిని గడగడలాడించిన ఒక వైష్ణవ పండితుడికి శతాబ్దాల కింద దక్కిన బిరుదు ఇంటిపేరై, మద్రాసులో పి.బి. శ్రీనివాస్ గొంతులో మాధుర్యమై, కాకినాడలో బాంబై, అండమాన్‌లో సంకెళ్లు వేసుకుంది. ఆ పేరు విన్న జైలు అధికారికి దాని అర్థం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇంతకంటే విశిష్టమైన పేరు ఏ జాబితాలో ఉంది?

మిన్నీ బే తెలుగు ఇంటి పిల్లవాడు వీధిలో హిందీలో ఆడతాడు, బడిలో ఇంగ్లిష్‌లో రాస్తాడు. ఇంట్లో తెలుగు వింటాడు, చదవడం రాకపోవచ్చు. మూడో తరానికి చేరేసరికి తెలుగు మిగిలే చోటు పేరొక్కటే కావచ్చు. అందుకని వాడికి అప్పలస్వామి అనే పెట్టాలని ఎవరూ శాసించలేరు, శాసించకూడదు. వెన్నెల, తరంగిణి, సాగర్, అప్పన్న, నూకరాజు... ఏదైనా కావచ్చు, వాళ్ల ఇష్టం. పరిపాలన యంత్రాంగం చేయగలిగినది ఒకటుంది. దీవుల్లో జనన ధ్రువపత్రంపై హిందీ, ఇంగ్లిష్‌ల పక్కన బిడ్డ మాతృభాష లిపిలోనూ పేరు రాసే గడి ఒకటి చేర్చవచ్చు. తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ కుటుంబాలన్నిటికీ అది పనికొస్తుంది. వెన్నెల హిందీలో వేన్నేలా అయినా పక్కనే వెన్నెలగా నిలుస్తుంది. ఇంటిపేరు ముందుండాలో వెనుక ఉండాలో కుటుంబమే చెప్పే వీలు కల్పించవచ్చు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, కొత్త శిలాఫలకం అక్కరలేదు. దీవుల నుంచి లోక్‌సభకు వెళ్లేది ఒకే ఒక సభ్యుడు. ఆయన ఢిల్లీలో అడగవలసినవాటి జాబితాలో ఓడలు, విమాన ఛార్జీలు, మంచినీళ్ల తరువాతనైనా ఈ ఒక్క గడికి చోటుండాలి.